పార్కింగ్ స్థలంలో నిఘా వ్యవస్థ: ఏళ్ల తరబడి సులువుగా నడిచేలా రూపొందించుకోవడం ఎలా?

నెల్లూరులోనో, ఒంగోలులోనో, కావలిలోనో ఒక కల్యాణ మండపానికి, ఆసుపత్రికి లేదా అపార్టుమెంటుకు ఉన్న పార్కింగ్ స్థలంలో సీసీ కెమెరాలు బిగించడానికి రెండు మూడు రోజులు చాలు. వాటిని పదేళ్లపాటు పనిచేయించడం మాత్రం బిగించే ముందు కాగితం మీద తీసుకున్న నిర్ణయాలపై ఆధారపడుతుంది. కొటేషన్ తెప్పించుకునేటప్పుడు చాలామంది కెమెరాల సంఖ్య, మెగాపిక్సెళ్లు, ధర అడుగుతారు. మీరు వాటితోపాటు ప్రతి వస్తువు గురించీ మరో ప్రశ్న అడగండి: ఇది చెడిపోయిన నాడు దీన్ని ఎవరు మారుస్తారు, అందుకు నిచ్చెన కావాలా, తవ్వకం కావాలా, ఇదే రకం వస్తువు మన ఊళ్లో దొరుకుతుందా? కింద చెప్పే అంచెలన్నీ ఈ ప్రశ్నకు జవాబులే.

1. ముందుగా మీ స్థలాన్ని ఏది పాడుచేస్తుందో రాసుకోండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పరికరాలను దెబ్బతీసే కారణాలు చోటును బట్టి మారతాయి. కొత్తపట్నం, మైపాడు, ముత్తుకూరు వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి ఇనుప స్క్రూలను, క్లాంపులను, కనెక్టర్లలోని సన్నని రాగి పలకలను తినేస్తుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ము లెన్సు మీద పొరగా పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ అద్దం మీద గీతలు పడతాయి. ఒంగోలు పరిసరాల్లోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది కనుక లోతు చాలని పునాది మీద నిలబెట్టిన స్తంభం ఒరుగుతుంది, స్తంభంతోపాటు కెమెరా చూపూ పక్కకు పోతుంది.

ఎండ, వాన అందరికీ ఉమ్మడి సమస్యలు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో మూతవేసిన ఇనుప పెట్టె లోపలి వేడి బయటి వేడికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. వాన విషయానికొస్తే, నెల్లూరు జిల్లా వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉండే ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మీ స్థలంలో ఈ రెండు సందర్భాల్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అక్కడి పాత వాచ్‌మన్‌ను అడిగి, ఆ ఎత్తును గోడ మీద గుర్తు పెట్టించండి. విద్యుత్తుతో నడిచే ఏ వస్తువునూ ఆ గుర్తుకు దిగువన పెట్టకూడదు.

2. ఏ చోట ఏం కనబడాలో తేల్చుకోండి

కెమెరా ఒక్కటి ఎక్కువైతే తుడవాల్సిన లెన్సు ఒకటి, తడిసే కనెక్టరు ఒకటి ఎక్కువవుతాయి. అందుచేత కెమెరాల సంఖ్యను అవసరాన్నిబట్టి లెక్కగట్టాలి తప్ప, రికార్డరులో పదహారు చానళ్లు ఉన్నాయి కదా అని పదహారూ నింపకూడదు.

లెక్క సులువే. తెలియని మనిషి ముఖాన్ని నిర్ధారణగా గుర్తుపట్టాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు (చిత్రంలోని చుక్కలు) ఉండాలనీ, పరిచయమున్న మనిషిని పోల్చుకోవడానికి 125, జరుగుతున్నదేమిటో గమనించడానికి 62 చాలుననీ 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రం అడ్డంగా 2,560 పిక్సెళ్లు ఉంటుంది. దాన్ని 250తో భాగిస్తే, ముఖాలు గుర్తుపట్టే పనిలో ఆ కెమెరా పది మీటర్ల వెడల్పును మాత్రమే చూడగలదని తేలుతుంది. అదే కెమెరా వాహనాల కదలికలను గమనించే పనిలో నలభై మీటర్ల వెడల్పును చూస్తుంది. కాబట్టి మనుషులూ బండ్లూ తప్పనిసరిగా దాటే ఇరుకు చోట్లలో, అంటే గేటు దగ్గర, లిఫ్టు దగ్గర, టోకెన్ బల్ల దగ్గర స్పష్టమైన దగ్గరి చూపును ఏర్పాటు చేసి, మిగిలిన మైదానాన్ని విశాలమైన చూపుతో సరిపెట్టండి. నంబరు ప్లేటు కోసం గేటులో లోపలికి ఒకటి, బయటికి ఒకటి ప్రత్యేక కెమెరాలు పెట్టాలి. మైదానం మధ్య స్తంభానికి బిగించిన కెమెరా రాత్రిపూట ప్లేటు చదువుతుందని అమ్మకందారు చెబితే, మీ స్థలంలోనే, మీ వెలుతురులోనే, హెడ్‌లైట్లు వేసిన బండితో చూపించమనండి.

చూపు గీతలను ప్లాను మీద గీసేటప్పుడు చెట్లను ఇప్పటి కొమ్మలతో కాక ఐదేళ్ల తరువాతి కొమ్మలతో గీయాలి. కానుగ చెట్టు ఎంత తొందరగా కమ్ముకుంటుందో మనకు తెలియనిది కాదు. చెట్టును కొట్టేయడం కన్నా కెమెరాను కొమ్మల కిందికి దించడం ఎప్పుడూ మేలు.

3. స్తంభాలనూ కెమెరాలనూ చేతికందేలా ఎంచుకోండి

కెమెరాకు మూడున్నర మీటర్ల ఎత్తు సాధారణంగా సరిపోతుంది. అంతకు మించి పైకి పోయేకొద్దీ తలలే గాని ముఖాలు కనబడవు; పైగా తుడవడానికి పెద్ద నిచ్చెనా, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషీ కావాలి. మైదానం మధ్యలో ఎత్తయిన స్తంభం తప్పదనుకుంటే, అడుగు భాగంలో కీలు ఉండి కిందికి వాలే రకాన్ని ఎంచుకోండి. దానికి ధర కొంత ఎక్కువే, కానీ ఒక్క మనిషి నేల మీద నిలబడి పని ముగించగలడు. పని నేల మీద నుంచి జరిగేటప్పుడే అది వేళకు జరుగుతుంది.

స్తంభాలు కరిగిన జింకులో ముంచి పూత వేసినవై ఉండాలి; వెండిరంగు పెయింటు వేసిన స్తంభం తీరంలో ఎక్కువ కాలం నిలవదు. సముద్రానికి దగ్గరైతే బోల్టులు, క్లాంపులు 304 రకం స్టీలుకు బదులు 316 రకంవి అడగండి. అందులోని మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటుంది. నల్లరేగడిలో పునాది లోతును స్తంభాలు అమ్మేవారికి వదిలేయకుండా సివిల్ ఇంజనీరు చేత చెప్పించుకోవాలి.

దుమ్ము ఎక్కువగా ఉన్నచోట గుండ్రటి పారదర్శక మూత ఉన్న డోమ్ కెమెరాలు వద్దు. ఆ గుండు మీద గీతలు పడితే రాత్రిపూట చూడటానికి కెమెరా తానే వేసే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి దాని మీదే చెదిరి బొమ్మ తెల్లబారుతుంది. బుల్లెట్ (గొట్టంలా ఉండేది) లేదా టరెట్ (గుండు మూత లేకుండా బంతిలా తిరిగేది) రకం తుడవడానికి సులువు. ఐపీ66 లేదా ఐపీ67 గుర్తు ఉంటే దుమ్ము, వాన లోపలికి పోవు. చేతికందే ఎత్తులో ఉన్నవాటికి దెబ్బలు తట్టుకునే ఐకే10 గుర్తు కూడా చూడండి. ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పురుగులను, పురుగులు సాలీళ్లను రప్పిస్తాయి. లెన్సు ముందు గూడు ఊగినప్పుడల్లా కదలిక హెచ్చరికలు మోగి, చివరికి ఎవరూ వాటిని పట్టించుకోని స్థితి వస్తుంది. మామూలు ఎల్ఈడీ దీపాల వెలుతురు చాలినంత ఉన్నచోట కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేయడం ఉత్తమం. రంగు కూడా నిలుస్తుంది, తెల్ల కారేదో నీలి కారేదో తెలుస్తుంది.

స్థలమంతటికీ కలిపి రెండు మోడళ్లకు మించి కెమెరాలు వాడకండి. ఆ రెంటిలో ఒక్కొక్కటి అదనంగా కొని బీరువాలో ఉంచితే ఏ కెమెరా పోయినా అదే రోజు మార్చుకోవచ్చు. అవి ఆన్విఫ్ ప్రమాణాన్ని పాటించేవి అయితే, రేపు ఆ కంపెనీ మోడల్ ఆగిపోయినా మరో కంపెనీ కెమెరాను అదే రికార్డరుకు కలపవచ్చు. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు ప్రభుత్వం నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. పాత సరుకు చవకగా ఇస్తామన్న బేరానికి లొంగకుండా ఆ ధ్రువీకరణ సంఖ్యను బిల్లు మీద రాయించుకోండి.

4. కేబుల్ దారి మీద డబ్బు, ఓపిక ఎక్కువ పెట్టండి

కెమెరా మార్చడం పది నిమిషాల పని. కేబుల్ మార్చడానికి మాత్రం కాంక్రీటు పగలగొట్టాలి, బండ్లు ఆపాలి, మళ్లీ పూడ్చాలి. అందుకని మొత్తం వ్యవస్థలో ఎక్కువ ఆలోచన అవసరమైనది ఇక్కడే, కొటేషన్లలో తక్కువ మాటలు కనిపించేదీ ఇక్కడే.

కేబుల్‌ను నేరుగా మట్టిలో పూడ్చనివ్వకండి. మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు వేయించి, దాని లోపలి చోటులో నలభై శాతానికి మించి నింపకుండా, భవిష్యత్తులో మరో కేబుల్ లాగడానికి ఒక నైలాన్ తాడును అందులోనే వదిలేయించండి. ప్రతి మలుపు దగ్గరా, నేరుగా పోయే చోట సుమారు ముప్పై మీటర్లకొకటీ చాంబరు కట్టించాలి. దాని అంచు నేలమట్టం కన్నా కొంచెం ఎత్తుగా, అడుగు భాగం నీరు ఇంకేలా కంకరతో ఉండాలి. విద్యుత్తు తీగలు, నెట్‌వర్క్ కేబుళ్లు ఒకే పైపులో పోకూడదు. పైపుల రెండు కొసలనూ తప్పనిసరిగా మూసివేయాలి. పందికొక్కులు పైపులను వీధుల్లాగా వాడుకుంటాయి, దారిలో కనబడ్డ కేబుల్‌ను కొరుకుతాయి. మూతకు ఒట్టి ఫోమ్ చాలదు, అందులో ఇనుప పీచు కూడా కూరాలి.

కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగి కేబుల్ అని బిల్లులో రాయించుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్ చూడటానికి ఒకేలా ఉంటుంది, ధర తక్కువ. కానీ దూరం పోయేకొద్దీ కరెంటు తగ్గి రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ వెలిగిన వెంటనే కెమెరా ఆగిపోతుంటుంది. తీగ కొసను కత్తితో గీకితే లోపల తెల్లగా కనబడటమే దాని గుర్తు. ఆరుబయట వేసేదానికి జెల్ నింపిన రకం మంచిది.

నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు అందించే పీఓఈ పద్ధతిని ఎంచుకోండి. స్తంభం స్తంభానికీ ఒక అడాప్టరు పెట్టే పద్ధతిలో ఎండకు ఆ అడాప్టర్లే ముందు పోతాయి. పీఓఈలో కరెంటు అంతా ఒకే గది నుంచి పోతుంది కనుక, మొరాయించిన కెమెరాను నెట్‌వర్క్ స్విచ్చిలో (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఆ పోర్టు ఆపి మళ్లీ వేసి, కుర్చీలోంచి లేవకుండానే తిరిగి నడిపించవచ్చు. మామూలు పీఓఈ పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, పెద్దరకం 30 వాట్లు ఇస్తుంది. రాగి కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. అంతకు మించిన దూరాలకు ఫైబర్ (గాజు తీగ) వేయండి. దూరం తక్కువైనా, ఒక భవనం నుంచి మరో భవనానికి పోయే చోట ఫైబరే మంచిదని నా అభిప్రాయం. పిడుగు పడినప్పుడు రాగి తీగ మోసుకొచ్చే విద్యుత్తును గాజు తీగ మోసుకురాదు, ఒక కొసన పడ్డ దెబ్బ రెండో కొసన ఉన్న రికార్డరు దాకా చేరదు.

రాగి కేబుల్ ఉన్న ప్రతి స్తంభానికీ సర్జ్ రక్షణ పరికరం (ఒక్కసారిగా ఎగసే కరెంటును భూమిలోకి మళ్లించేది), దానికి పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ లేని సర్జ్ పరికరం అలంకారమే. ఉప్పునేలల్లో రాగి పూత ఉన్న రాడ్ వేయించి, ఎర్తింగ్ గుంత మూత తీసి నీళ్లు పోయడానికి వీలుగా కట్టించి, ఏడాదికోసారి నిరోధాన్ని కొలిపించి ఆ అంకెను పుస్తకంలో రాయించాలి.

కెమెరా దగ్గరి కనెక్టరును జంక్షన్ బాక్సు లోపలే ఉంచి, కేబుల్‌ను బాక్సులోకి కింది వైపు నుంచి, అదీ ఒక వంపు తిప్పి తీసుకురావాలి. అప్పుడు వాననీరు వంపు దగ్గర కిందికి జారిపోతుంది. ప్రతి కేబుల్‌కూ రెండు కొసల్లో ఒకే సంఖ్య ఉన్న పట్టీ కట్టాలి. మార్కరుతో కాగితం మీద రాసినది రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది, ముద్రించిన ప్లాస్టిక్ పట్టీలే వాడండి.

5. పరికరాల గది, కరెంటు

రికార్డరును సెల్లారులో పెట్టడం ఈ జిల్లాలకు పనికిరాని ఆలోచన. మొదటి అంతస్తులో తాళం వేసే చిన్న గది చూసి, నేల నుంచి మీటరు ఎత్తున గోడకు ర్యాక్ బిగించి, దాని వెనుక మనిషి చేయి పెట్టేంత జాగా వదలాలి. గాలి రంధ్రాలకు సన్నని జాలీ వేయించండి. బల్లులు వెచ్చదనం కోసం లోపల దూరి సర్క్యూట్ బోర్డుల మీద షార్ట్ చేయడం ఇక్కడి మెకానిక్కులందరూ చూసిన సంగతే.

బ్యాటరీ లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం. ఎనిమిది కెమెరాలు ఒక్కొక్కటి 6 వాట్ల చొప్పున 48 వాట్లు, రికార్డరు, స్విచ్చి, రౌటరు కలిపి మరో 50 వాట్లు అనుకుంటే మొత్తం సుమారు 100 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి లెక్క ప్రకారం 1,800 వాట్-గంటలు నిల్వ చేస్తుంది. ఇన్వర్టరు నష్టాన్నీ, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదనే నియమాన్నీ తీసేస్తే సగం దక్కుతుంది, అంటే తొమ్మిది గంటలు. తుపాను రాత్రికి ఇది సరిపోతుంది. ఇన్వర్టరును యూపీఎస్ మోడ్‌లో ఉంచకపోతే కరెంటు పోయిన క్షణంలో రికార్డరు ఆగి మళ్లీ మొదలవుతుంది, ఇది తరచుగా జరిగితే హార్డ్ డిస్కు పాడవుతుంది. ఇలాంటి లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకూ సుమారు సగానికి పడిపోతుంది కాబట్టి, పడమటి గోడకు ఆనుకున్న రేకుల గది దానికి తగిన చోటు కాదు.

6. గేటు, దీపాలు

బూమ్ బారియర్ (గేటు దగ్గర అడ్డంగా లేచి దిగే కర్ర) అన్నిటికన్నా ఎక్కువగా కదిలే వస్తువు, కనుక ఎక్కువగా చెడిపోయేదీ అదే. మన పార్కింగుల్లో సగానికి పైగా ద్విచక్ర వాహనాలే ఉంటాయి. వాహనాన్ని పసిగట్టడానికి నేలలో పాతే లూప్ (తీగ చుట్ట) వాటిని నమ్మకంగా పసిగట్టలేదు, పైగా మూయబోయే కర్ర కింద బండి నడిపేవారి తల ఉంటుంది. ద్విచక్ర వాహనాలకు వేరే దారి, టోకెన్, ఒక కెమెరా సరిపోతాయి; బారియర్ కార్లకే పరిమితం చేయండి. కరెంటు లేనప్పుడు చేత్తో ఎత్తే తాళంచెవి ఎక్కడుందో ప్రతి షిఫ్టు వాచ్‌మన్‌కూ తెలిసి ఉండాలి. గుద్దుకుంటే విరగకుండా ఊడివచ్చే కర్రను ఎంచుకొని, అదనంగా ఒకటి నిల్వ ఉంచండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కర్రను ఊడదీసి లోపల పెట్టించాలి.

దీపాలకు కరెంటును సరిచేసి ఇచ్చే డ్రైవరు అనే భాగాన్ని స్తంభం పైన కాక అడుగు పెట్టెలో, వరద గుర్తుకు పైన ఉండేలా పెట్టించవచ్చు. చెడిపోయేది ఎక్కువగా డ్రైవరే. వెలిగించి ఆర్పడానికి వెలుతురును పసిగట్టే, దుమ్ముపట్టే ఫొటోసెల్ కన్నా టైమరు నయం.

7. రికార్డింగు, గడియారం, పాస్‌వర్డులు

జనం ఎక్కువగా చేరే సంస్థలు దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని 2013 నాటి రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపితే రోజుకు 21.6 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలకు 30 రోజులకు 5.2 టీబీ కాబట్టి 6 టీబీ డిస్కు బొటాబొటిగా సరిపోతుంది, 8 టీబీ నిశ్చింతగా సరిపోతుంది. నిఘా కోసమే తయారైన డిస్కు తీసుకోండి. కంప్యూటర్లలో వాడే మామూలు డిస్కు పగలూ రాత్రీ ఆగని రాతకు ఓర్చుకోదు.

గడియారం చిన్న విషయంగా కనబడుతుంది గాని, సమయం ఇరవై నిమిషాలు తప్పిన దృశ్యం పోలీసుల ముందు అనుమానాలకు తావిస్తుంది. రికార్డరు ఇంటర్నెట్ ద్వారా సమయం సరిచూసుకునేలా అమర్చి, కెమెరాలన్నీ రికార్డరు సమయాన్నే తీసుకునేలా చేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి పోతుంటే లోపలి నాణెపు బ్యాటరీ అయిపోయిందని అర్థం. దృశ్యాన్ని కోర్టుకు ఇవ్వాల్సి వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. రికార్డరు మోడల్, సీరియల్ నంబరు చేతికందేలా ఉంటే ఆ రోజు వెతుకులాట తప్పుతుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది రికార్డరును ఎవరి పేరున నమోదు చేశారన్న విషయం. బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్ నంబరుతో యాప్‌లో నమోదు చేసి వెళ్లిపోతాడు. రెండేళ్లకు అతను వేరే ఊళ్లో వేరే పనిలో ఉంటాడు, పాస్‌వర్డు మార్చాలంటే ఓటీపీ అతనికి పోతుంది. నమోదు సంస్థ పేరున ఉన్న నంబరుతో, ఈమెయిలుతోనే జరగాలి. కంపెనీ పాస్‌వర్డు మార్చి, కొత్తది రాసిన కవరుకు సీలు వేసి ఇద్దరి దగ్గర ఉంచండి. వాచ్‌మన్‌కు చూసే హక్కు మాత్రమే ఉన్న వేరే ఖాతా ఇవ్వాలి. అతిథులకిచ్చే వైఫై మీద కెమెరాలు ఉండకూడదు.

8. కాగితాలు, కాలపట్టిక, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం)

చివరి బిల్లు చెల్లించే ముందే ఈ కాగితాలు మీ చేతికి రావాలి: పైపులు, చాంబర్లు, స్తంభాలు చూపే ప్లాను, పైపులు పూడ్చకముందు కొలత టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు, కెమెరా సంఖ్య, పోర్టు సంఖ్య, ఐపీ చిరునామా ఉన్న పట్టిక, సెట్టింగుల బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్, వారంటీ పత్రాలు. వీటి ఒక ప్రతిని ర్యాక్ తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ సంచిలో వేలాడదీయించండి. ప్లాను లేకుండా పూడ్చిన పైపును పదేళ్ల తరువాత వెతకడమంటే మైదానమంతా తవ్వడమే.

వాచ్‌మన్ ప్రతి ఉదయం చేయాల్సినవి రెండే: అన్ని బొమ్మలూ వస్తున్నాయా, తెర మీది సమయం తన ఫోన్‌లోని సమయంతో సరిపోతుందా చూసి పుస్తకంలో సంతకం పెట్టడం. వారానికోసారి మేనేజరు ఇరవై ఎనిమిది రోజుల కిందటి దృశ్యాన్ని ఏదో ఒక కెమెరా నుంచి తీసి చూడాలి. బొమ్మ తెర మీద కనబడుతున్నంత మాత్రాన రికార్డవుతున్నట్టు కాదు. డిస్కు చెడిపోయిన సంగతి దొంగతనం జరిగిన రోజున తెలిసే చోట్లు ఎక్కువ.

మిగతా పనిని ఋతువులను బట్టి పెట్టుకోండి. ఫిబ్రవరిలో బ్యాటరీ నీళ్లు, గది ఫ్యాను, ఎర్తింగ్ చూడాలి. సెప్టెంబరులో చాంబర్ల పూడిక తీయించి, జంక్షన్ బాక్సుల రబ్బరు వాషర్లు, సర్జ్ పరికరాల గుర్తు దీపాలు చూసి, కొమ్మలు కొట్టించాలి. జనవరిలో తుపానుల తరువాత తుప్పు, ఒరిగిన స్తంభాలు చూసుకోవాలి. లెన్సులను నెలకోసారి, చీమకుర్తి వంటి చోట్ల పదిహేను రోజులకోసారి, ముందు నీళ్లతో దుమ్ము కడిగి ఆ తరువాతే మెత్తని గుడ్డతో అద్దాలి. కల్యాణ మండపాలవారు ముహూర్తాలు లేని మూఢంలో ఈ పనులు పెట్టుకుంటే మైదానం ఖాళీగా దొరుకుతుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు పరిసరాల్లో ఉన్నవారు రొట్టెల పండుగకు పక్షం రోజుల ముందే ముగించుకోవాలి.

ఏఎంసీ రాసుకునేటప్పుడు "అవసరమైనప్పుడు వస్తాము" అనే మాటను ఒప్పుకోకండి. ఫిర్యాదు ఇచ్చిన ఎన్ని గంటల్లో వస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు తమంతట తాము వచ్చి చూస్తారు, విడి భాగాల ధర ఎవరిది, మార్చిన పాత డిస్కు ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అంకెలతో, పేర్లతో ఉండాలి. పాత డిస్కులో మీ దగ్గరకు వచ్చిపోయినవారి దృశ్యాలు ఉంటాయి కనుక దాన్ని మెకానిక్కు వెంట పంపకుండా మీ దగ్గరే ఉంచుకొని, అవసరం తీరాక మీ ఎదుటే పగలగొట్టించండి. ఒప్పందం రద్దయిన రోజున పాస్‌వర్డులన్నీ మీకు అప్పగించి, తమ ఫోన్లలోని యాప్ నుంచి మీ రికార్డరును తొలగిస్తామన్న షరతును కూడా అదే కాగితంలో రాయించి సంతకం తీసుకోండి.